స్పానిష్‌లో ‘లో’ ఎక్కడ పెట్టాలి: ముందా, వెనకా?

సాయంత్రం_బ్యాచ్:
“దాన్ని చూడాలని ఉంది” అనడానికి మా టీచర్ “కియెరో బెర్లో” అనమంటారు. కియెరో అంటే నాకు కావాలి, బెర్ అంటే చూడటం, లో అంటే దాన్ని లేదా వాణ్ణి. మెక్సికో సీరియల్‌లో మాత్రం “లో కియెరో బెర్” అంటున్నారు. మాటల్లో అయితే సరేగానీ రాతలో తప్పట. నిజమేనా?

గ్వాదలహారా_మామ:
తప్పేం కాదు. రెండూ ఒప్పే, రాతలో కూడా. స్పానిష్ రాయల్ అకాడమీ 2009లో తెచ్చిన వ్యాకరణం కూడా రెంటినీ ఒప్పుకుంటుంది. తప్పల్లా “కియెరో లో బెర్” అని మధ్యలో ఇరికించడం. ఇక్కడ ఆఫీసులో “తె లో వోయ్ అ మందార్” (నీకది పంపిస్తా) అని రోజూ వింటూనే ఉంటా. క్రియ కంటే ముందే కర్మ రావడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ముందు పెట్టడమే నేర్పాలంటాను.

గోంగూర_పచ్చడి:
ఆ అలవాటే నన్ను ముంచింది మామా. “దాన్ని చూడటం నాకిష్టం” అని రాయమంటే పరీక్షలో “లో మె గుస్తా బెర్” అని రాశా. ఎర్ర గీత పడింది. గుస్తాతో ‘లో’ ముందుకు రాదు, “మె గుస్తా బెర్లో” అనే అనాలి. ఇంకో తిరకాసు చూడండి. “అది నేను చేయాలి” అంటే “తెంగో కె అసెర్లో”, “లో తెంగో కె అసెర్” రెండూ నడుస్తాయి. “ఎవరో ఒకరు చేయాలి” అన్నట్టు “ఐ కె అసెర్లో” అంటే మాత్రం ‘లో’ కదలదు. వెనక తగిలిస్తే ఎక్కడా ఢోకా లేదు. మన ‘ఇంట్లో’లో ‘లో’ ఉన్నట్టే, గుర్తుపెట్టుకోవడమూ తేలిక.

గ్వాదలహారా_మామ:
ఎక్కడా ఢోకా లేదా? “వాణ్ణి నవ్వించా” అనండి చూద్దాం. “లో ఇసె రెయీర్” అనాలి (ఇసె అంటే చేశా, రెయీర్ అంటే నవ్వడం). “ఇసె రెయీర్లో” అంటే ఇక్కడ వింతగా చూస్తారు.

గోంగూర_పచ్చడి:
అది వేరే లెక్క. అక్కడ ‘లో’ అసలు రెయీర్‌ది కాదు, ఇసె తాలూకుది. అయినా మీరన్నది నిజమే, ‘ఎక్కడా’ అనకుండా ఉండాల్సింది.

సాయంత్రం_బ్యాచ్:
తె (నీకు), లో రెండూ ఉంటే? ఒకటి ముందు, ఒకటి వెనక పెట్టొచ్చా?

గ్వాదలహారా_మామ:
విడదీయకూడదు. “నీకది చెప్పాలని ఉంది” అంటే “తె లో కియెరో దెసీర్” లేదా “కియెరో దెసీర్తెలో”. రెండోది రాసేటప్పుడు ‘సీ’ అచ్చు మీద గీత మర్చిపోకు, టీచర్లు ముందు చూసేది దాన్నే.