గామా డోసు తిన్న టీబీపీ, సోడియం కార్బొనేట్‌తో కడిగినా జిర్కోనియంను వదలడం లేదు

బరంపురంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్రాజెక్టు చేస్తున్నాను. వాడిన అణు ఇంధనాన్ని శుద్ధిచేసే ప్యూరెక్స్ పద్ధతిలోని ద్రావణి గురించి. డోడెకేన్‌ అనే హైడ్రోకార్బన్‌లో 30 శాతం టీబీపీ (ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్) కలిపి, 3 మోలార్ నైట్రిక్ ఆమ్లంతో బాగా కుదిపి, కోబాల్ట్-60 గామా ఛాంబర్‌లో 200 కిలోగ్రేల డోసు ఇప్పించాం. బయటికి వచ్చేసరికి లేత పసుపు రంగు తిరిగింది.

రేడియేషన్‌కి టీబీపీ విరిగి డైబ్యూటైల్ ఫాస్ఫారిక్ ఆమ్లం వస్తుందని, అది జిర్కోనియంను గట్టిగా పట్టేస్తుందని తెలుసు. అందుకే 5 శాతం సోడియం కార్బొనేట్‌తో, ఆపైన పలుచని ఆమ్లంతో కడిగాను. అయినా మామూలు (రేడియోధార్మికత లేని) జిర్కోనియం నైట్రేట్ ఎక్కించి పలుచని ఆమ్లంతో వెనక్కి తీస్తే కొంత ద్రావణిలోనే ఉండిపోతోంది. ఆర్సెనాజో-3 రంగుతో 665 నానోమీటర్ల దగ్గర చూశాను. డోసు ఇవ్వని ద్రావణిలో ఈ సమస్యే లేదు. కార్బొనేట్ బదులు సోడియం హైడ్రాక్సైడ్ వాడితే రెండు పొరల మధ్య నురగలాంటి తెట్టు కట్టి, ఎంతసేపు ఉంచినా విడిపోలేదు. అదే నాకు పెద్ద టెన్షన్.

ఎఫ్‌టీఐఆర్‌ (పరారుణ వర్ణపటం)లో 1550 సెం.మీ⁻¹ దగ్గర కొత్త శిఖరం కనిపించింది. డోడెకేన్‌కి నైట్రో గుంపు తగిలినట్టుంది. కానీ జిర్కోనియంను పట్టుకునేది అదేనా, కార్బొనేట్‌కి లొంగని పొడవాటి గొలుసు ఫాస్ఫేట్లా అన్నది తేలడం లేదు. మా దగ్గర ఎఫ్‌టీఐఆర్, యూవీ, టైట్రేషన్ మాత్రమే ఉన్నాయి.

వీటితోనే ఆ రెండింటిలో ఏది కారణమో తేల్చే పరీక్ష ఏది?