సంఘం కాగితాలున్న ఫోన్ పిల్లల చేతికి ఇవ్వాల్సి వస్తోంది, రెండో ఫోన్ పెట్టుకోవాలా?

దేవరకద్ర వీవోఏ:

అందరికీ నమస్తే. మాది మహబూబ్‌నగర్ జిల్లా, దేవరకద్ర దగ్గర పల్లె. మా ఊరి మహిళా సంఘాలకు నేను వీవోఏను, అంటే సంఘాల లెక్కలు, కాగితాలు చూసే సహాయకురాలిని. ఉన్నది ఒకటే ఫోన్. బ్యాంకు లింకేజీ లోన్‌కు పెట్టేటప్పుడు సభ్యులంతా ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ, ఫొటో నాకు వాట్సాప్‌లో పంపుతారు. గ్యాలరీ తెరిస్తే మా పాప పుట్టినరోజు ఫొటోల మధ్యలో పక్కింటి పెద్దమ్మ ఆధార్ కార్డు, ఆమె వేలిముద్ర వేసిన తీర్మానం కాగితం కనిపిస్తాయి.

సాయంత్రం బడి నుంచి రాగానే ఆ ఫోన్ మా బాబు చేతికి పోతుంది. గేమ్ ఏది అడిగినా 'అలో' నొక్కేస్తాడు. ఈ మధ్య పక్క ఊర్లో ఒకాయనకు పీఎం కిసాన్ పేరు పెట్టిన ఏపీకే ఫైల్ (నొక్కితే యాప్ ఎక్కించే ఫైల్) వాట్సాప్‌లో వచ్చింది. నొక్కాడు, అకౌంట్‌లో పడ్డ వడ్ల పైసలు పోయాయి. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. నా పైసలు పోతే ఏడ్చి ఊరుకుంటా. నన్ను నమ్మి ఇచ్చినవాళ్ల కాగితాలు బయటికి పోతే ఏ మొహం పెట్టుకొని మీటింగ్‌కు పోవాలి?

ఇంట్లో పాత ఫోన్ ఒకటి ఉంది, పని చేస్తుంది. బ్యాంకు, సంఘం పని అందులోకి మార్చి, కొత్తది ఇంట్లో వాడకానికి ఇద్దామనుకుంటున్నా. సిమ్ దేంట్లో ఉండాలి? రెండు రీచార్జీలు తప్పవా?

జడ్చర్ల సెల్ రిపేర్:

అక్కా, రెండో ఫోన్ మంచి ఆలోచనే, కానీ అటుది ఇటు చేయండి. పాతది బ్యాంకుకు వద్దు. సెట్టింగ్స్‌లో 'సెక్యూరిటీ అప్‌డేట్' అని ఉంటుంది, అక్కడ తేదీ చూడండి. రెండు మూడేళ్ల కిందటే ఆగిపోయి ఉంటే, ఆ తర్వాత బయటపడిన లొసుగులు ఏవీ ఆ ఫోన్‌లో పూడలేదన్నట్టు. మా షాపుకు వచ్చేవాళ్లు చాలామంది ఇట్లనే పాత సెట్టును 'బ్యాంకు ఫోన్' చేసుకుంటారు. కొత్తది బ్యాంకుకు, సంఘానికి ఉంచండి, పాతది బాబుకు ఇవ్వండి.

బ్యాంకులో ఇచ్చిన నంబర్ సిమ్ కొత్త దాంట్లోనే ఉండాలి. యూపీఐ యాప్ మొదలుపెట్టేటప్పుడు ఆ సిమ్ నుంచే మెసేజ్ పోతుంది, అది పోతేనే ఆ ఫోన్‌కు అకౌంట్ ముడిపడుతుంది. పాత దాంట్లో అసలు సిమ్ వద్దు. మీరు ఇంట్లో ఉన్నప్పుడు హాట్‌స్పాట్ ఆన్ చేస్తే చాలు, రెండో రీచార్జీ లేదు.

ఇక చాలామంది పట్టించుకోనిది గూగుల్ అకౌంట్. రెండు ఫోన్లలో ఒకే జీమెయిల్ పెడితే కాంటాక్టులు అక్కడికీ వస్తాయి, ఫొటోల బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఆ ఆధార్ ఫొటోలు కూడా బాబు ఫోన్‌లో కనిపిస్తాయి. సెట్లు రెండయినా లోపల ఉన్నది ఒకటే అవుతుంది. పాతదాన్ని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, బాబు పేరు మీద ఫ్యామిలీ లింక్‌తో (పిల్లల ఫోన్‌ను పెద్దవాళ్లు అదుపులో పెట్టుకునే గూగుల్ యాప్) వేరే అకౌంట్ తెరవండి. ఏ యాప్ వేయాలన్నా మీ ఫోన్‌కు అనుమతి అడిగేలా పెట్టుకోవచ్చు. మీ వాట్సాప్‌ను దానికి లింక్ చేయకండి.

నల్లగొండ, ప్రకాశం బజార్:

నాకైతే ఒకటే ఫోన్ చాలనిపిస్తుంది. శాంసంగ్ అయితే సెక్యూర్ ఫోల్డర్, షావోమీ అయితే సెకండ్ స్పేస్ చాలా మోడళ్లలో ఉంటాయి. ఆండ్రాయిడ్ 15 నుంచి ప్రైవేట్ స్పేస్ వచ్చింది. వేరే పిన్ పెట్టి సంఘం కాగితాలు అందులో దాచుకోవచ్చు. సంఘానికి వేరే నంబర్ కావాలంటే రెండో సిమ్ వేసి వాట్సాప్ బిజినెస్‌లో నడపొచ్చు. రెండు ఫోన్లకు చార్జింగ్ పెట్టుకుంటూ, ఏది ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం రోజూ ఉండే పని.

దేవరకొండ వీవోఏ:

అన్నా, తాళం పెట్టిన ఫోల్డర్ ఉన్నా ఆ ఫోన్ పిల్లల చేతిలో ఉన్నంతసేపు అధికారి ఫోన్ వస్తే ఎత్తేది వాళ్లే, ఓటీపీ వచ్చేది వాళ్ల కళ్లముందే. ఆడవాళ్ల ఫోన్ ఇంట్లో అందరిదీ. అందుకే నేను వేరేది పెట్టుకున్నా.

చెల్లె, ఏ ఫోన్ అయినా, లోన్ మంజూరైన కాగితాలను అందులో ఉంచకు. వాట్సాప్‌లో తీసెయ్, గ్యాలరీలో తీసెయ్, తర్వాత గూగుల్ ఫొటోస్ ట్రాష్ కూడా ఖాళీ చెయ్. బ్యాకప్ అయిన ఫొటో తీసేశాక కూడా 60 రోజులు అక్కడే ఉంటుంది. వాట్సాప్‌లో మీడియా విజిబిలిటీ ఆఫ్ చేస్తే ఇకమీదట వచ్చేవి గ్యాలరీలోకి రావు.

కాంటాక్టుల సంగతి కూడా చూడు. 2020లో లోన్ యాప్‌లు మన తెలంగాణలో ఎన్ని ఇళ్లను ఏడిపించాయో గుర్తుందా? అప్పు తీసుకున్నవాళ్ల కాంటాక్టులు లాగి, చుట్టాలకు ఫోన్లు చేసి పరువు తీశారు. లోన్ యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్ ముట్టుకోవద్దని ఆర్‌బీఐ 2022లో చెప్పింది. కానీ దొంగ యాప్‌కు రూల్ ఏంది? నీ కాంటాక్టుల్లో మీ ఊరి ఆడవాళ్లంతా ఉన్నారు. బాబు ఒక్కసారి 'అలో' నొక్కితే పోయేది వాళ్ల నంబర్లే.

దేవరకద్ర వీవోఏ:

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. నల్లగొండ అన్న చెప్పింది సంఘం ఫోన్‌లో వాడుకుంటా, నడుస్తున్న లోన్ల కాగితాలు సెక్యూర్ ఫోల్డర్‌లో పెడతా. పాత ఫోన్ తేదీ చూశా, 2021 దగ్గరే ఆగింది. అది బాబుకే. ఇంకొకటి అడగాలి. సభ్యుల వేలిముద్రతో ఎవరూ పైసలు తీయకుండా ఆధార్ బయోమెట్రిక్ లాక్ పెట్టించమని మీటింగ్‌లో చెప్పొచ్చా?

దేవరకొండ వీవోఏ:

చెప్పు. కానీ లాక్ పెడితే రేషన్ షాపులో కూడా వేలు పడదు, బియ్యం తెచ్చుకునే రోజు తాత్కాలికంగా తెరవాలి. దానికి ఆధార్‌కు లింకయిన నంబర్‌కు ఓటీపీ వస్తుంది. మా దగ్గర చాలామంది ముసలమ్మల ఆధార్‌కు కొడుకు నంబరే ఉంది. ముందు అది సరిచేయించు, తర్వాత లాక్.

జడ్చర్ల సెల్ రిపేర్:

పాత సెట్టు రీసెట్ కొట్టే ముందు అందులోని మెమరీ కార్డు బయటికి తీయండి అక్కా. పాత ఆధార్ ఫొటోలు కార్డులోనే మిగిలిపోతుంటాయి.