ఆరేళ్ల రూబీని ఆ గుంపు మధ్యలోంచి బడికి పంపడం సరైనదేనా?

బడిగంట:
1960 నవంబరు 14న అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ల నల్లజాతి పాప, అప్పటిదాకా తెల్లవాళ్ల పిల్లలే చదివిన విలియం ఫ్రాంట్జ్ బడిలో అడుగుపెట్టింది. చుట్టూ కాపలాగా నలుగురు ఫెడరల్ మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ పోలీసు అధికారులు), బయట అరుస్తూ తిడుతూ పెద్దవాళ్ల గుంపు. పంపడానికి తండ్రి వెనకాడాడు, తల్లి లూసిల్ పట్టుబట్టింది. ఆమెది ధైర్యమా, లేక పెద్దల పోరాటంలోకి పసిపిల్లను నెట్టడమా? నాకు ఎటూ తేలడం లేదు. మీరేమంటారు?

ఇద్దరుపిల్లలఅమ్మ:
పంపకూడదనే నా మాట. విషం పెడతానని ఒకావిడ బెదిరిస్తుంటే, ఇంటి నుంచి తెచ్చుకున్నదే తినాలని మార్షల్స్ ఆ పాపకు చెప్పాల్సి వచ్చింది. ఇంకొకరు శవపేటికలో నల్ల బొమ్మను పెట్టి చూపించారు. అది చూసి భయపడ్డానని రూబీయే పెద్దయ్యాక చెప్పింది. హన్నా ఆరెంట్ లాంటి రాజకీయ తత్వవేత్త కూడా, 1957లో లిటిల్ రాక్ అనే ఊళ్లో తెల్లవాళ్ల హైస్కూల్లోకి నల్లపిల్లలు వెళ్లినప్పుడు జరిగినదాని మీద రాస్తూ, పెద్దలు పరిష్కరించలేని సమస్యను పిల్లల నెత్తిన పెడుతున్నారని అంది. కోర్టుల్లో పోరాడండి, పిల్లల్ని వదిలేయండి.

పాతపేపర్లు:
కోర్టుల్లో పోరాడారు కదండీ! బడుల్లో జాతిని బట్టి వేరుచేయడం రాజ్యాంగ విరుద్ధమని 1954లోనే బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. రూబీ పుట్టింది ఆ ఏడాదే. ఆ పాప బడి ఈడుకు వచ్చేదాకా న్యూ ఆర్లీన్స్‌లో తీర్పు అమలుకాలేదు. ఇంకెన్నాళ్లు ఆగాలి?

అసలు రూబీ ఒంటరిగా ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో అడగండి. తెల్లవాళ్ల బడికి వెళ్లాలంటే నల్లపిల్లలు ముందు ఒక పరీక్ష నెగ్గాలి. ఎక్కువమంది తప్పిపోవాలనే కష్టంగా పెట్టిన పరీక్ష అది. గట్టెక్కింది ఆరుగురు. ఇద్దరు పాత బడిలోనే ఉండిపోయారు, ముగ్గురు అమ్మాయిలు మెక్‌డొనో 19 అనే బడికి వెళ్లారు. ఫ్రాంట్జ్ బడికి మిగిలింది రూబీ ఒక్కతే. వందమంది పిల్లలు కలిసి నడిచి ఉంటే ఆ ద్వేషమంతా ఒక్క పాప మీద పడేది కాదు. ఆమెను ఒంటరిని చేసింది ఆ పరీక్ష, తల్లి కాదు.

మరి తెల్లవాళ్లు? పిల్లల చేతులు పట్టుకుని బడి నుంచి లాక్కుపోయారు. బోస్టన్ నుంచి వచ్చిన బార్బరా హెన్రీ టీచర్ ఏడాదంతా ఖాళీ తరగతిలో రూబీకి ఒక్కదానికే పాఠాలు చెప్పింది. పెద్దల గొడవలోకి పిల్లల్ని లాగింది వాళ్లు కాదా? సంజాయిషీ మాత్రం ఎప్పుడూ లూసిల్ బ్రిడ్జెస్‌నే అడుగుతాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఆరెంట్ మాట అక్కడితో ఆగలేదు. నవలాకారుడు రాల్ఫ్ ఎలిసన్ ఆమెను గట్టిగా తప్పుపట్టాడు. ఆ పిల్లలు ఎదుర్కోబోయేది ఏమిటో కన్నవాళ్లకు తెలుసు, తెలిసే పంపారు అన్నాడు. ఆ త్యాగాన్ని తాను అర్థం చేసుకోలేదని 1965లో ఆరెంట్ ఆయనకు ఉత్తరం రాసింది.

డల్లాస్‌వాసి:
దేశాన్ని బట్టి వలసలకు పెట్టిన కోటాలను ఎత్తేసిన 1965 వలస చట్టం కూడా ఆ పౌరహక్కుల ఉద్యమం ఊపులో వచ్చిందే. అది లేకపోతే మాలాంటి తెలుగు కుటుంబాలు ఇన్ని ఇక్కడికి వచ్చేవి కావు. మా పిల్లలు అందరి పక్కనా కూర్చుని చదువుకుంటున్నారు. లూసిల్ పంపకుండా ఉండాల్సింది అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇద్దరుపిల్లలఅమ్మ:
పరీక్ష గురించి మీరు చెప్పింది నిజమే, ఆ నింద తల్లి మీద వేయను. కానీ ఆ ఇల్లు పడ్డ పాట్లు చూడండి. తండ్రికి పెట్రోల్ బంకులో ఉద్యోగం పోయింది. మిసిసిప్పీలో కౌలు చేసుకునే రూబీ అవ్వాతాతలను భూమి మీంచి వెళ్లగొట్టారు. కిరాణా కొట్టువాడు సరుకులు అమ్మనన్నాడు. చివరికి తండ్రికి పని ఇచ్చింది ఇరుగుపొరుగువాళ్లే, ఇంటికి కాపలా కాసింది కూడా వాళ్లే. పాప వెంట మార్షల్స్‌ను పంపిన ప్రభుత్వం, ఆ ఇంటి తిండి గురించి కూడా ఆలోచించాల్సింది కాదా?