సమస్యాపూరణం: నడియెడారిలోన నావ నడిచె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం.

నడియెడారిలోన నావ నడిచె

సందర్భం కూడా నేనే ఇస్తున్నా. ఆలుమగలిద్దరు లాస్ ఏంజెలస్‌లో కారెక్కారు. మొహావీ ఎడారి దాటి, డెత్ వ్యాలీ చూసుకుని, లాస్ వేగస్ చేరారు. ఆ దారిలో నావ ఎలా నడిచిందో మీరు చెప్పాలి. కల వచ్చిందని రాసి తప్పించుకోవద్దు. ఒంటెను ఎడారి ఓడ అనీ అనొద్దు. 1857లో బీల్ అనే ఆయన మొహావీ మీదుగా నిజంగానే ఒంటెల్ని నడిపించాడు గానీ, ఒంటె పూరణలు చదివి చదివి విసుగొచ్చింది.

గోదారి గట్టు: నా పూరణ.

ఉప్పు నేలపైన నొకనాడు వానలు
కురిసి నిండె గొలను కొండ నడుమ
ఆలుమగలు తెడ్ల నందుకొనగ నాడు
నడియెడారిలోన నావ నడిచె

ఇందులో కల్పన లేదండీ. డెత్ వ్యాలీలోని బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉన్న ఉప్పు మైదానం. అక్కడ ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 2 అంగుళాలు. 2023 ఆగస్టు 20న హిలరీ తుపాను తాలూకు వాన ఒక్కరోజే 2.2 అంగుళాలు పడింది. తరవాత 2024 ఫిబ్రవరిలో మళ్లీ వానలు. అడుగు లోతున నీళ్లు నిలిస్తే అక్కడి జాతీయ పార్కువాళ్లు కాయక్‌లు (చిన్న తెడ్డు పడవలు) వేసుకోనిచ్చారు. మార్చి వచ్చేసరికి గాలి ఆ నీళ్లను పక్కకు తోసేసింది, పడవలూ ఆగిపోయాయి.

ఫీనిక్స్ పంతులు: విషయం బాగా పట్టారు. పద్యంలో మూడు చోట్ల చెయ్యి పెడతాను, ఏమీ అనుకోకండి. "వానలు కురిసి కొలను నిండె" అన్నారు. కురిసినవి వానలు, నిండింది కొలను. కర్తలు వేరైనప్పుడు "కురిసి" పొసగదు, "కురియ" అనాలి. "కొండ నడుమ" అంటే కొండ పొట్టలో చెరువున్నట్టుంది. అక్కడ పడమట పానమింట్ కొండల వరస, తూర్పున మరో వరస. "కొండ దరిని" అనండి. మొదట "ఒకనాడు" అనేశాక మూడో పాదంలో "నాడు" గణం నింపడానికే మిగిలింది.

కురియ నిండె గొలను కొండ దరిని
ఆలుమగలు తెడ్ల నందుకొనగ వేడ్క

గోదారి గట్టు: మారుస్తాను పంతులుగారూ. "కురిసి" నాకు తట్టనే లేదు.

తుంటరి: మీరంతా ఎండలో తిరగండి, నేను ఏసీలో పడవెక్కుతా.

వెనిసు వీధి గట్టి వేగాసు హోటలు
కప్పు మీద నింగి గప్పినారు
పాట పాడి తెడ్డు పట్టగా నొక్కడు
నడియెడారిలోన నావ నడిచె

నిర్వాహకుడు: 1999లో తెరిచిన వెనీషియన్ హోటల్ ఇది. వెనిస్‌లోలాంటి కాలువ, గొండోలా పడవలు, పైకప్పుకి మబ్బుల ఆకాశం రంగులు. "కప్పు", "గప్పి" యతి స్థానంలో భలే కలిశాయి. అంతా బాగుంది గానీ దంపతులేరీ? పడవవాడొక్కడే పాడుకుంటూ పోతున్నాడు.

తుంటరి: ఎక్కించేశా.

పాట పాడ నొకడు పడతితో మగడెక్క

అచ్చుతప్పు: జూదం లేకుండా వేగస్ పూరణ ఏమిటండీ!

గోళి తిరిగి తిరిగి కొల్లగొట్టెను సొమ్ము
పడతి నవ్వె మగని భయము దీర
ఉన్న చిల్లరెల్ల నూడ్చి చమురు బోయ
నడియెడారిలోన నావ నడిచె

గోదారి గట్టు: నావంటే కారా? పాఠకుడు ఎలా పోల్చుకుంటాడు?

అచ్చుతప్పు: చమురు పోశాక కూడా తెడ్డు వెతుక్కుంటాడా?

ఫీనిక్స్ పంతులు: నాకు అభ్యంతరం లేదు. గోళి అంటే రూలెట్ అనే జూదపు చక్రంలో తిరిగేదని కూడా అలాగే తెలుస్తుంది. 38 గళ్లుంటాయి, మన అంకె పడితే ఇచ్చేది 35 రెట్లు. తిరిగిన కొద్దీ సొమ్ము అటే పోతుంది. "తిరిగి తిరిగి" గణం కోసం పడింది కాదు, అర్థం ఉంది. నాకు నచ్చింది రెండో పాదం. డబ్బు పోగొట్టుకున్న మొగుడికి పెళ్లాం నవ్వేదాకా ఉండే భయం ఎలాంటిదో పెళ్లైనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

కొత్త కలం: మొదటిసారి రాస్తున్నాను. తప్పులుంటే దిద్దండి.

కొలరడో నదికిని గోడను గట్టిరి
నీరు నిలిచె నొక్క సాగరముగ
కొత్త జంట యెక్కి కులుకుచు బాడగా
నడియెడారిలోన నావ నడిచె

ఫీనిక్స్ పంతులు: గణాలన్నీ సరిపోయాయి. రెండో పాదంలో "నీ"కి "సా"తో యతి చెల్లదు. "కొలరాడో" కుదించారు, తుంటరిగారేమో "వేగస్" సాగదీశారు. అన్యదేశ్యాలకి ఆ మాత్రం వెసులుబాటు ఇద్దాం.

నిర్వాహకుడు: హూవర్ ఆనకట్ట, మీడ్ సరస్సు! ఆనకట్ట పని మొదలైందీ, నెవాడాలో జూదం చట్టబద్ధమైందీ ఒకే ఏడు, 1931. వేగస్ వాడే నీళ్లలో సుమారు 90 శాతం కొలరాడోవే, కాబట్టి తుంటరిగారి గొండోలా కూడా ఈ నది మీదే తేలుతోందనుకోవచ్చు. 2022లో సరస్సు బాగా తగ్గిపోయి, ఎప్పుడో మునిగిన పడవలు బయటపడ్డాయి. దాని మీద ఎవరైనా రాస్తారేమోనని చూశాను.

ఈసారి నా ఓటు అచ్చుతప్పుగారి పూరణకి. మిగతా మూడింట్లో నీళ్లున్నాయి, నావ నడవక ఏం చేస్తుంది? ఇందులో చుక్క నీరు లేదు, పైగా మొగుడూ పెళ్లాం కళ్లకు కట్టారు.

గోదారి గట్టు: డెత్ వ్యాలీలో నీళ్లుండటమే కదండీ అసలు వింత! ఈ తీర్పు నేనొప్పుకోను.

కొత్త కలం: యతి సరిచేశాను, చూడండి.

నీరు నిలిచె లోయ నిండ నంత

ఫీనిక్స్ పంతులు: ఇప్పుడు చెల్లింది. "నిండన్ + అంత", ఆ నకారం కూడా సక్రమమే.