1689 ఒప్పుకోలు మొత్తం పెట్టాలా, న్యూ హాంప్‌షైర్ చాలునా? బాప్టిస్టు సంఘ నియమావళి గురించి

రేణిగుంట డీకన్

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. తిరుపతి దగ్గర స్వతంత్ర బాప్టిస్టు సంఘం మాది. నియమావళి తిరగరాస్తూ విశ్వాస ప్రమాణం దగ్గర ఆగిపోయాం. పడుచువాళ్లు 1689 లండన్ ఒప్పుకోలు మొత్తం పెట్టమంటున్నారు. పెద్దవాళ్లు "బాప్టిస్టులకు బైబిలే ప్రమాణం, కాల్విన్ మనకెందుకు" అంటున్నారు (రక్షణ పొందేవాళ్లను దేవుడే ముందుగా ఏర్పరచుకున్నాడన్న కాల్విన్ బోధ 1689లో ఉంది). మధ్యలోవాళ్లు "న్యూ హాంప్‌షైర్ ఒప్పుకోలు చిన్నది, గొడవ లేనిది, అది పెడదాం" అంటున్నారు. ఈ రెండు పత్రాలకూ అసలు తేడా ఎక్కడుంది? ఏది పెట్టినా దానికి ఎవరు కట్టుబడాలి, బోధకులా, సభ్యులందరా? రెండూ చదివినవాళ్లు చెప్పండి.

చిత్తూరు పాఠకుడు

అన్నా వందనాలు. ముందు పెద్దవాళ్ల మాట చూద్దాం. బాప్టిస్టులకు ఒప్పుకోళ్లు లేవనడం చరిత్రకు నిలవదు. 1644లో లండన్‌లోని ఏడు సంఘాలు ఒకటి రాసుకున్నాయి. 1660లో, క్రీస్తు అందరి కోసం చనిపోయాడని నమ్మే జనరల్ బాప్టిస్టులు తమది ప్రకటించారు. మీ పడుచువాళ్లు అడిగేది 1677లో రాసినది. 1689లో హింస ఆగాక, వందకు పైగా సంఘాల ప్రతినిధులు లండన్‌లో కూడి దాన్ని తమదిగా ఒప్పుకున్నారు.

అయినా పెద్దల మాటకూ ఒక మూలం ఉంది. తెలుగు బాప్టిస్టు మిషన్‌ను నడిపినవాళ్లు అమెరికా ఉత్తరాది బాప్టిస్టులు. 1922లో ఇండియానాపొలిస్‌లో జరిగిన వాళ్ల మహాసభలో న్యూ హాంప్‌షైర్ ఒప్పుకోలును ఆమోదించాలన్న ప్రతిపాదన వస్తే, దాని బదులు "కొత్త నిబంధనే చాలు" అనే తీర్మానం 1,264–637 ఓట్లతో నెగ్గింది. వాళ్లను తోసిపుచ్చకుండా, ఈ సంగతి తెలిసి మాట్లాడండి.

"కాల్విన్ పేరు తెస్తే బాప్టిస్టులం కాకుండా పోతాం" అనే భయానికి జవాబు మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఉంది. చిత్తూరు, మదనపల్లెల్లో పనిచేసిన ఆర్కాటు మిషన్ అమెరికా రిఫార్మ్‌డ్ చర్చిది. కాల్విన్ బోధను ఖాయం చేసిన 1618–19 నాటి డోర్ట్ మహాసభ నిర్ణయాలు ఆ చర్చి ప్రమాణాల్లో ఒకటి. దేవుడు ఏర్పరచుకోవడం గురించి వాళ్లూ 1689వాళ్లూ ఒకటే చెబుతారు, బాప్తిస్మం దగ్గర విడిపోతారు. 1689లో 29వ అధ్యాయం, విశ్వాసం ఒప్పుకున్నవాళ్లకే బాప్తిస్మం, అదీ నీళ్లలో ముంచే ఇవ్వాలి అంటుంది. కాల్వినిజం వేరు, శిశు బాప్తిస్మం వేరు.

ఇక పత్రాలు. 1689లో 32 అధ్యాయాలు. ఎక్కువ భాగం ప్రెస్బిటేరియన్ల వెస్ట్‌మిన్‌స్టర్ ఒప్పుకోలు నుంచి తీసుకున్నదే, కానీ మూడో అధ్యాయంలో నశించేవాళ్ల గురించిన ఏడో పేరాను వదిలేశారు. అలాగని మెత్తబడలేదు. అదే అధ్యాయం ఆరో పేరాలో, ఏర్పరచబడినవాళ్లు తప్ప ఇంకెవరూ క్రీస్తు చేత విమోచింపబడలేదు అని ఉంది. మీ సంఘం చీలేది ఈ ఒక్క వాక్యం దగ్గర.

న్యూ హాంప్‌షైర్ 1833 నాటిది. ఇప్పుడు అచ్చులో దొరికే రూపంలో 18 అంశాలు. తొమ్మిదో అంశంలో దేవుని ఏర్పాటు ఉంది, అది మనిషి స్వేచ్ఛకు విరుద్ధం కాదని కూడా ఉంది. ఆరో అంశంలో, ఎంత ఘోరపాపి రక్షణకైనా వాడి దుష్టత్వం, వాడు కావాలని తిరస్కరించడం తప్ప అడ్డేమీ లేదని ఉంది. క్రీస్తు ఎవరి కోసం చనిపోయాడన్న ప్రశ్న దగ్గర మాత్రం ఏమీ చెప్పదు. అందుకే రెండు పక్షాలవాళ్లూ దాని కింద సంతకం పెట్టగలుగుతారు.

కానీ "గొడవ లేనిది" అనుకుని పెట్టకండి. 14వ అంశం ప్రకారం, ప్రభువు బల్లకు ముందు బాప్తిస్మం ఉండాలి, అదీ ముంచే బాప్తిస్మం. తిరుపతి చుట్టూ లూథరన్ సంఘాలు ఉన్నాయి. వాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన కోడళ్లు, అల్లుళ్లు మీ బల్ల దగ్గర కూర్చుంటూ ఉంటే ఆ అంశం మొదటి నెలలోనే అడ్డొస్తుంది. 1689 దీని మీద తీర్పు చెప్పదు. ఈ విషయంలో తమలో తామే ఏకాభిప్రాయం లేక కావాలనే వదిలేశామని అనుబంధంలో రాసుకున్నారు.

మదనపల్లె సిస్టర్

అనువాదం సంగతి ఎవరూ ఎత్తలేదు, సగం తగాదా అక్కడే పుడుతుంది కాబట్టి చెబుతాను.

1689 మూడో అధ్యాయం మొదటి పేరా, జరిగేదంతా దేవుడు నిర్ణయించాడు అంటుంది. ఆ వాక్యం అక్కడ ముగియదు. దేవుడు పాపానికి కర్త కాడని, ప్రాణుల చిత్తాన్ని బలవంతపెట్టడని, ఆయన వాడుకునే కారణాల స్వేచ్ఛ పోదని అదే వాక్యంలో ఉంది. ఇంగ్లీషులో అదంతా ఒకటే పొడుగు వాక్యం. తెలుగులోకి తెచ్చేటప్పుడు నాలుగు ముక్కలు చేసి, మొదటి ముక్కనే ప్రసంగంలో పదేపదే చెబితే వినేవాళ్లకు తలరాతే వినబడుతుంది. "రాసిపెట్టి ఉంటే అదే జరుగుతుంది" అనుకునే ఊళ్లలో బోధిస్తున్నాం. తలరాతకు ముఖం లేదు, ప్రేమ లేదు. ఎఫెసీ మొదటి అధ్యాయం తండ్రి ప్రేమచేత ఏర్పరచుకున్నాడు అంటుంది. ఆ తేడా చెప్పకుండా మూడో అధ్యాయం బోధించకండి.

క్రీస్తు ఏర్పరచబడినవాళ్ల కోసమే చనిపోయాడన్న బోధకు "పరిమిత ప్రాయశ్చిత్తం" అనే మాట వాడకపోవడమే మేలు. క్రీస్తు రక్తం విలువకే హద్దు ఉన్నట్టు వినబడుతుంది. డోర్ట్ నిర్ణయాలే, ఆ మరణం లోకమంతటి పాపాలకూ పుష్కలంగా చాలుతుంది అంటాయి. వాదన విలువ గురించి కాదు, ఉద్దేశం గురించి. "నిర్దిష్ట విమోచన" అనండి.

"సంపూర్ణ భ్రష్టత్వం" అంటే ప్రతివాడూ చేయగలిగినంత చెడ్డ చేశాడని కాదు. బుద్ధి, కోరిక, చిత్తం, ఏదీ పాపం అంటకుండా మిగలలేదని అర్థం. ఇది చెప్పకపోతే "మా నాన్న క్రీస్తును ఎరగడు గానీ ధర్మాత్ముడు" అని ఎవరైనా లేస్తారు, బోధకుడు నీళ్లు నములుతాడు.

నిజమైన విశ్వాసులు అంతం వరకు నిలుస్తారన్న బోధను "పరిశుద్ధుల పట్టుదల" అన్నా చిక్కే, మన సొంత బలంతో నిలబడినట్టు వస్తుంది. 17వ అధ్యాయంలో దేవుడు కాపాడడం, విశ్వాసి నిలిచి ఉండడం రెండూ ఉన్నాయి. విశ్వాసులు కొంతకాలం ఘోరంగా పడిపోవచ్చనీ ఉంది. "ఒకసారి రక్షణ, ఎప్పటికీ రక్షణ" అనే నినాదంలో ఇదంతా ఇమడదు.

పీలేరు పాస్టర్

పై ఇద్దరూ బాగా చెప్పారు. కానీ ఇద్దరి మాటా 1689 వైపే మొగ్గింది, అందుకే రెండో వైపు చెబుతున్నాను.

ఇంగ్లండ్ గడ్డ మీద మొదటి బాప్టిస్టు సంఘం 1612లో థామస్ హెల్విస్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో నెలకొల్పినది. వాళ్లు క్రీస్తు మనుషులందరి కోసం చనిపోయాడని నమ్మినవాళ్లు. ఏర్పరచబడినవాళ్ల కోసమే చనిపోయాడనే పర్టిక్యులర్ బాప్టిస్టు సంఘాలు 1630లలో వచ్చాయి. మా పక్షంవాళ్లను ఎవరైనా "సగం బాప్టిస్టులు" అంటే అది అన్యాయం. "మన పాపములకు మాత్రమే కాదు, సర్వలోకమునకును శాంతికరమై యున్నాడు" అని మొదటి యోహాను 2:2లో చదివినవాడికి 1689 మూడో అధ్యాయం ఆరో పేరా మీద సంతకం పెట్టడం మనస్సాక్షికి సంబంధించిన విషయం.

అమెరికాలో సదరన్ బాప్టిస్టులకు ఈ తగాదా పాతదే. 2012లో కాల్వినిస్టులు కానివాళ్లు పది అంశాల ప్రకటన విడుదల చేశారు. మరుసటి ఏడాది రెండు పక్షాల కమిటీ కూర్చుని, తేడాలు ఒప్పుకుంటూనే కలిసి పనిచేద్దామని నివేదిక ఇచ్చింది. అది సాధ్యమైంది ఎందుకంటే 2000 నాటి వాళ్ల విశ్వాస ప్రకటనలో దేవుని ఏర్పాటు గురించిన ఐదో అంశం న్యూ హాంప్‌షైర్ దారిలోనే నడిచింది. అయితే ఒక గీత అక్కడా ఉంది. నిజమైన విశ్వాసులు అంతం వరకు నిలుస్తారని అదే అంశం చెబుతుంది. 1660 నాటి జనరల్ బాప్టిస్టులేమో పడిపోవచ్చు అన్నారు. పెంతెకొస్తు నేపథ్యం నుంచి వచ్చి, రక్షణ పోగొట్టుకోవచ్చని నమ్మేవాళ్లు మీ సంఘంలో ఉంటే న్యూ హాంప్‌షైర్ 11వ అంశమూ వాళ్లకు మింగుడుపడదు. ముందే అడిగి తెలుసుకోండి.

ఇంకొకటి. బోధకులకు పెద్ద ఒప్పుకోలు, సభ్యులకు చిన్నది అని ఎవరైనా సలహా ఇస్తారు. అందులో ఒక గొయ్యి ఉంది. పాస్టర్ని పిలిచేది సభ్యుల ఓటు. పెద్దది ఎన్నడూ చదవని సభ్యులు పదేళ్ల తర్వాత దానికి సరిపడని పాస్టర్ని పిలుస్తారు. అప్పుడు కాగితం ఒకవైపు, సంఘం ఒకవైపు.

రేణిగుంట డీకన్

అందరికీ కృతజ్ఞతలు. బల్ల సంగతి మాకు తట్టనే లేదు. 1689లో మూడో అధ్యాయం కాక ఇంకేమైనా అడ్డొస్తాయా? కాల్వినిజం వస్తే సువార్త పని ఆగిపోతుందని మా పెద్దలు గట్టిగా అంటున్నారు, దానికేం చెప్పాలి?

చిత్తూరు పాఠకుడు

అడ్డొస్తాయి. 22వ అధ్యాయం ఆదివారాన్ని విశ్రాంతి దినంగా ఆచరించమంటుంది, రోజంతా లౌకిక పనులూ వినోదాలూ మానమంటుంది. ఆదివారం తిరుపతిలో లాడ్జీలకూ టాక్సీలకూ రద్దీ రోజు. ఎనిమిదో పేరాలో అవసరమైన పనులకూ కనికరపు పనులకూ మినహాయింపు ఉంది. రుయా ఆసుపత్రిలో నర్సు డ్యూటీ అందులోకి వస్తుంది. టాక్సీ తోలేవాడి సంగతి మీరు ముందే మాట్లాడుకోవాలి. న్యూ హాంప్‌షైర్ 15వ అంశంలోనూ ఇంచుమించు ఇదే ఉంది, కాబట్టి చిన్నది పెట్టినా తప్పదు. 26వ అధ్యాయం నాలుగో పేరా పోపును క్రీస్తు విరోధి అంటుంది. 1689ను పట్టుకున్న సంఘాల్లోనూ ఆ వాక్యానికి మినహాయింపు రాసుకునేవాళ్లు ఉన్నారు.

సువార్త గురించి పెద్దల భయం గాలిలోంచి రాలేదు. 18వ శతాబ్దంలో కొందరు పర్టిక్యులర్ బాప్టిస్టులు, పాపులందరినీ విశ్వసించమని పిలవకూడదు అనేదాకా వెళ్లారు. 1785లో ఆండ్రూ ఫుల్లర్ దాన్ని ఎదిరించి, విశ్వసించడం ప్రతి పాపి బాధ్యత అని రాశాడు. ఆ ఫుల్లరే, విలియం కేరీ, మరికొందరు 1792 అక్టోబరు 2న కెట్టరింగ్‌లో మిషనరీ సొసైటీ పెట్టారు. అందరూ పర్టిక్యులర్ బాప్టిస్టులే. 1689 ఏడో అధ్యాయం రెండో పేరా కూడా పాపులకు జీవం ఉచితంగా ఇవ్వజూపుతున్నాడు అంటుంది. సువార్త పిలుపు మానేసినవాడు 1689కే బయట ఉన్నాడని చెప్పండి.

పాస్టర్ గారు చూపించిన గొయ్యి నిజమే. నా సలహా అయినా రెండు మెట్లే, కానీ ఆ గొయ్యి పూడ్చి. ముందు ఏమీ ఆమోదించకండి. వారానికి ఒక అధ్యాయం చొప్పున 32 వారాలు బుధవారం కూడికలో సభ్యులందరితో చదవండి. ఒకే ఆదివారం చేతులెత్తించి ఆమోదిస్తే, చదవనివాళ్లు ఆరు నెలలకు "మాకు చెప్పకుండా పెట్టారు" అంటారు. చదివాక సభ్యులకు న్యూ హాంప్‌షైర్, బల్ల విషయం మీరు తేల్చుకున్నట్టు 14వ అంశం సవరించి. పాస్టర్, పెద్దలకు 1689, మినహాయింపులు రాతపూర్వకంగా. మూడో అధ్యాయం ఆరో పేరాకు మినహాయింపు ఇస్తారో లేదో అప్పుడే తేల్చి మినిట్స్‌లో రాయండి. ఇవ్వకపోతే పీలేరు పాస్టర్ గారి లాంటివాళ్లు మీ సంఘంలో పెద్దలు కాలేరు, ఆ సంగతి తెలిసే నిర్ణయించుకోవాలి. నా మట్టుకు ఇవ్వండనే అంటాను.

ఏ అనువాదం, ఏ ముద్రణ అన్నది పేరుతో రాయండి, తేడా వస్తే ఇంగ్లీషు మూలమే ఖాయమని చేర్చండి. ఒప్పుకోలును స్థలం దస్తావేజులో కలపకండి, నియమావళికి అనుబంధంగా ఉంచండి. కలిపితే బోధ మీద తగాదా ఆస్తి తగాదా అయి కోర్టుకెక్కుతుంది.

పెద్దల సంతకానికి ఈ మాటలు సరిపోతాయి: "ఈ ఒప్పుకోలు లేఖనాలకు లోబడినదని ఎరిగి, కింద రాసిన మినహాయింపులు తప్ప దీన్ని నా విశ్వాసంగా ఒప్పుకుంటున్నాను. నా అభిప్రాయం మారితే బోధించడానికి ముందే తోటి పెద్దలకు తెలియజేస్తాను." చివరి వాక్యం తీసేయకండి.

పీలేరు పాస్టర్

ఆ మినహాయింపు ఇస్తే నేనూ సంతకం పెడతాను. ఒకటి కలపండి బ్రదర్: "అంగీకరించని సభ్యుడు సంఘంలో దీనికి విరోధంగా బోధించడు, అంగీకరించనందుకే ఎవరినీ వెలివేయరాదు."