ఐరన్, కాల్షియం మాత్రలు: ఏ వేళకి ఏది?

పలాస వైపు జీడిపిక్కల పనికెళ్లే గర్భిణుల్లో, ఏడో నెలకీ హిమోగ్లోబిన్ 9 దాటని వాళ్ల గురించి అడుగుతున్నాను. రక్తహీనతకి 60 మిల్లీగ్రాముల ఐరన్ మాత్రలు రోజుకి రెండు, 500 మిల్లీగ్రాముల కాల్షియం రెండు. ఐరన్‌కీ కాల్షియానికీ మధ్యలో రెండు గంటలు ఎడం లేకపోతే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. పైగా మాత్ర వెంటనే టీ! తల్లికి ఐరన్ బాగా తక్కువైతే బిడ్డ నిల్వలూ తగ్గుతాయి, మెదడు ఎదిగే తొలి రెండేళ్లలో అది పెద్ద లోటు. కాన్పులో బొడ్డుతాడుకి నిమిషమైనా ఆగి క్లిప్పు వేస్తే కొంత పూడుతుంది, అంతే.

తెల్లారగట్ల పనికెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లకి ఈ నాలుగు మాత్రలూ ఎలా సర్దుతున్నారు? విరేచనం నల్లగా అవుతోందని మానేసేవాళ్లకి ఏం చెబుతున్నారు? మాత్రలు ఆపి సూదిమందుగా ఐరన్ ఎక్కించడానికి ఎప్పుడు పంపుతున్నారు? ఏఎన్ఎం, ఆశా అక్కలెవరైనా చెప్పండి.