వర్చువల్ రియాలిటీ ఎపిసోడ్‌లో ప్రతిసారీ తలుపు మూసుకుపోవాల్సిందేనా?

ప్రశ్న:
సైన్స్ ఫిక్షన్ సిరీస్ ఒకటి రాసుకుంటున్నాను. ఆరో ఎపిసోడ్‌లో నా పాత్రల్ని ఒక వర్చువల్ ఆటలోకి పంపాను, అక్కడే ఆగిపోయాను. లోపల దెబ్బ తగిలినా ఏమీ కాదంటే చూసేవాళ్లకు టెన్షన్ ఏముంటుంది? దాంతో నేనూ అందరిలాగే "సేఫ్టీ పోయింది, తలుపు తెరుచుకోవడం లేదు" అని రాసేశాను. మళ్లీ చదువుకుంటే నాకే నచ్చలేదు. 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్'లో 1988 నాటి 'ది బిగ్ గుడ్‌బై' నుంచీ చూస్తున్నదే కదా. ప్రతి సిరీస్‌కీ ఇలాంటి ఎపిసోడ్ ఎందుకు? వేరే దారి ఉందా?

జవాబు:
ఇంకా పాతదండీ ఇది. 1976లో 'డాక్టర్ హూ' కథ 'ది డెడ్లీ అసాసిన్'లో డాక్టర్ మనసు మేట్రిక్స్ అనే యంత్రంలోకి వెళ్తుంది. అక్కడ చస్తే ఇక్కడా చచ్చినట్టే. ఎందుకు వదలరంటే, ఖర్చు ఒక కారణం. కొత్త గ్రహం కట్టాలంటే డబ్బు కావాలి. కౌబాయ్ ఊరికీ పాతకాలపు డిటెక్టివ్ ఆఫీసుకీ అయితే సెట్లు, బట్టలు స్టూడియోలో ఎలాగూ ఉంటాయి. నటులకూ యూనిఫాం విప్పి ఇంకో వేషం కట్టే అవకాశం.

జవాబు:
తలుపు సంగతి వదిలేయండి. లోపల ఉన్నవాడికి ఏం కావాలో చూడండి. మీరన్న 'స్టార్ ట్రెక్' సిరీస్‌లోనే 'ఎలిమెంటరీ, డియర్ డేటా' ఎపిసోడ్ గుర్తుందా? ఇంజనీరు జియోర్డి, మనిషిలా ఉండే రోబో డేటా కలిసి హోలోడెక్‌లో, అంటే నౌకలోని వర్చువల్ గదిలో, షెర్లాక్ హోమ్స్ ఆట ఆడతారు. హోమ్స్‌ను ఓడించగల శత్రువు కావాలని అడగాల్సిన జియోర్డి, డేటాను ఓడించగల శత్రువు కావాలంటాడు. ఒక్క పేరు మారింది, అంతే. దాంతో ఆటలో హోమ్స్ శత్రువైన మొరియార్టీకి తెలివి వచ్చేసింది, తానెవరో తనకే తెలిసిపోయింది.

1993లో 'షిప్ ఇన్ ఎ బాటిల్'లో అతను మళ్లీ వస్తాడు. ఈసారి నౌకంతా మామూలుగానే కనిపిస్తుంది. అనుమానం పుట్టేది చాలా చిన్నచోట: కుడిచేతి వాటం ఉన్న జియోర్డి ఎడమచేయి వాడుతున్నాడు! డేటా అది పట్టుకుంటాడు. అప్పుడు తెలుస్తుంది, వాళ్లు ఇంకా హోలోడెక్ లోపలే ఉన్నారని. ఆ చేయి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. తుపాకులు, పేలుళ్లు ఏవీ ఆ పని చేయలేవు. మొరియార్టీ కోరిందల్లా బయటి ప్రపంచం. చివరికి దాని నకలు లోపల, బయటపడ్డాననే నమ్మకంతో వెళ్లిపోతాడు. అతని మీద నాకు ఇప్పటికీ జాలే.

జవాబు:
1992లో వచ్చిన బ్రిటిష్ కామెడీ సిరీస్ 'రెడ్ డ్వార్ఫ్' ఎపిసోడ్ 'బ్యాక్ టు రియాలిటీ' కూడా చూడండి. మీరు నాలుగేళ్లుగా ఒక ఆట ఆడుతున్నారు, ఇప్పుడు అయిపోయిందని నౌకలోని వాళ్లకు చెబుతారు. బయటికొస్తే ఒక్కొక్కరి అసలు జీవితం అంతకన్నా ఘోరం. వాళ్లలో రిమ్మర్‌దైతే మరీనూ. తను ఇలా తయారవడానికి తన పెంపకమే కారణమని ఇన్నాళ్లూ చెప్పుకున్నాడు. తీరా చూస్తే నౌకలో తోటివాడు లిస్టర్ తన సవతి సోదరుడే, ఇద్దరిదీ ఒకే పెంపకం. ఇక ఏ సాకూ మిగల్లేదు. అదంతా ఒక సముద్రజీవి విషం వల్ల కలిగిన భ్రమే, కానీ ఆ కాసేపూ అతని ముఖం చూడలేం. దెబ్బ ఒంటికే తగలాలని లేదు.

జవాబు:
అందరూ బయటికి రావాలని ఎందుకనుకుంటున్నాం? 'బ్లాక్ మిర్రర్'లో 2016 నాటి 'శాన్ జునిపెరో' ఎపిసోడ్‌లో, ఆ పేరుతోనే ఉన్న వర్చువల్ ఊరికి వెళ్లే యార్కీ అనే ఆమె బయట మంచం మీద కదల్లేకుండా ఉంటుంది. లోపల నడుస్తుంది, డాన్స్ చేస్తుంది. అక్కడే ఉండిపోవాలనుకోవడం ఆమెకు ప్రమాదం కాదు.

అడిగినవారు:
అందరికీ థాంక్స్. సేఫ్టీ పోయిన సీన్ తీసేశాను, తలుపు తెరిచే ఉంచాను. నా కథలో ఒక పైలట్ ఉంది. చేతులు వణుకుతున్నాయని ఆవిణ్ణి నౌక నడపనివ్వడం మానేశారు. ఆటలో ఆ చేతులు వణకవు. ఎపిసోడ్ ఇప్పుడు అక్కడ మొదలవుతుంది. తెరిచి ఉన్న తలుపు దగ్గర నిలబడి ఆవిణ్ణి ఎవరు పిలవాలన్నదే ఇంకా ఆలోచిస్తున్నాను.